పది సెకండ్ల వంకర

యంగియారిక్,
డిసెంబరు 3.

సనోబర్ అక్కకి,

ఇక్కడ అందరం బాగున్నాం, మీ కంపెనీ నుంచి తెప్పించుకున్న లేజర్ యంత్రం తప్ప.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోనులో నువ్వు "అంతా బాగేనా?" అంటావు, నేను "బాగే" అంటాను, అక్కడితో సరి. పైగా నాన్న పక్కనే చెవి రిక్కించి కూచుంటాడు. అందుకే దీన్ని తాష్కెంట్ రైలు కండక్టరు చేతికిస్తున్నాను, రెండు చలికాలపు ఖర్బూజాలతో సహా. రెండూ నీకే. ఒకటే చేరితే రాయి, ఆయన సంగతి నేను చూసుకుంటాను.

విషయం ఇది. అక్టోబరులో యంత్రం దిగగానే ఏడిళ్ళ వాళ్ళం కలిసి వాడుకోవాలనుకున్నాం కదా. మొదట మన పొలమే చదును చేశాను. గట్టు మీద మూడు కాళ్ళ స్టాండు, దాని మీద గిర్రున తిరిగే కాంతి, ఆ కాంతి ఎత్తు చూసుకుంటూ ట్రాక్టరు వెనక బకెట్టు తనంతట తానే లేవడం, దిగడం. ఊరంతా వచ్చి చూసింది. నీళ్ళు పెడితే చక్కగా మురుగు కాలువ వైపు సాగిపోయాయి. ముప్పై ఏళ్ళు ఈ కాలువకి నీరటిగా చేసిన నాన్న కూడా "పర్వాలేదు" అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

తర్వాత ఇంతిజోర్ వదిన పొలం చేశాను. పోయిన వారం మట్టి సర్దుకోవడానికి కాస్త నీళ్ళు వదిలితే ఒక పక్క బాతులు ఈదేట్టు నిలిచాయి. మురుగు కాలువ ఉన్న పక్క నేల తడవనైనా లేదు. ఫిబ్రవరి ఇరవైన చౌడు కడిగే నీళ్ళ వంతు మనకొస్తుంది. పొలం ఇలాగే ఉంటే సగం చౌడు ఎక్కడిదక్కడే ఉంటుంది. రెండేళ్ళుగా ఆవిడ పత్తి అనుకున్నంత రాలేదు. ఈ ఏడూ రాకపోతే సర్కారు వాళ్ళు కౌలు రద్దు చేసి భూమి ఇంకొకరికి ఇచ్చేస్తారు. అన్న పోయాక ఆవిడకు మిగిలింది ఆ ఒక్క చెక్కే. దాన్ని వంకర చేసింది నా ట్రాక్టరు.

వెనక్కి పంపమంటావా, ఇక్కడే బాగు చేయించమంటావా? పంపాలంటే సీలు చెక్కుచెదరకూడదట. ఉర్గెంచ్‌లో టీవీలు బాగుచేసే ఆయనేమో సీలు తీస్తే గానీ ఏదీ చెప్పలేనంటున్నాడు. పెద్దదానివి, ఆ కంపెనీలోనే ఉన్నదానివి, నువ్వే చెప్పు.

కదమ్‌బాయ్

తాష్కెంట్,
డిసెంబరు 10.

కదమ్‌కి,

ఖర్బూజాలు రెండూ చేరాయి. కండక్టరు పుణ్యాత్ముడు, ఆయన్నేమీ అనకు. ఒకటి ఆఫీసులో కోశాను. మీ ఖ్వారెజ్మ్ ప్రాంతం వాళ్ళు చక్కెర భూమిలో పాతిపెడతారా అని అడిగారు. చౌడులోనే అంత తీపి వస్తుందంటే నమ్మలేదు.

ఇక నీ యంత్రం. ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికి ఎవరో. చిన్నప్పుడు నీ సైకిలు గోడకు గుద్దుకుంటే గోడదే తప్పన్నావు, గుర్తుందా? బకెట్టు గొలుసులు సడలాయేమో చూడు. స్టాండు మెత్తటి మట్టిలో దిగబడుతోందేమో చూడు. అన్నిటికన్నా ముందు పుస్తకం దగ్గర పెట్టుకుని చదువు. రెండు నెలలు కళ్ళు కాయలు కాచేలా కూచుని దాన్ని మన భాషలోకి తిప్పాను. మొదటి పేజీలో నా పేరుంది, చూశావా? మన వంశంలో అచ్చులో పేరు పడింది నాకొక్కదానికే.

వెనక్కి పంపితే మా ఇంజనీరు చూసి, సరిహద్దు దాటించి, కొత్తది వచ్చేసరికి ఏప్రిల్ అవుతుంది. అప్పటికి నీళ్ళ వంతు దాటిపోతుంది. కాబట్టి తొందరపడకు. పుస్తకంలో రాసినట్టు రోజూ పొద్దున్నే పరీక్ష చేస్తున్నావా? అది రాయి ముందు.

నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? వేడి ఇసుక కాపడం పెట్టించు.

అక్క

యంగియారిక్,
డిసెంబరు 19.

అక్కా,

గొలుసులు బిగువుగానే ఉన్నాయి. స్టాండు కింద చెక్క పలకలు వేశాను. గోడదే తప్పు, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

పరీక్ష చేస్తున్నావా అని అడుగుతావా? అలాంటిలాంటి పరీక్ష కాదు. పంతొమ్మిదో పేజీ నాకు నోటికొచ్చు. "యంత్రం ముఖాన్ని వెనక్కి తిప్పాలి, గుర్తుంచుకోవాలి. మళ్ళీ ముందుకు తిప్పాలి, గుర్తుంచుకోవాలి. పది సెకండ్లకు మించకూడదు." మొదట్లో నాకు పదమూడు పట్టేది. చలికి చేతులు కొంకర్లు పోయేవి. ఇప్పుడు ఏడింటికి వచ్చాను. నేను తిప్పుతుంటే నాన్న గడియారం పట్టుకుని గట్టిగా లెక్కపెడతాడు. ఏం గుర్తుంచుకోవాలో నువ్వు రాయలేదు గానీ, తిప్పిన ప్రతిసారీ ఆయన "గుర్తుంది, గుర్తుంది" అంటాడు. దీనివల్ల లోపలి నూనె కదిలి కాంతి చురుగ్గా వస్తుందని ఇంతిజోర్ వదిన అభిప్రాయం. పక్క ఊరి నుంచి కూడా చూడ్డానికొస్తున్నారు.

ఆ తర్వాత నాన్న మీటలున్న దాని ముఖాన్ని ఖిబ్లా వైపు పెడతాడు. మొదటి రోజు రొట్టె విరిచి దువా చేసి అలా పెట్టాడు, ఇక అదే అలవాటైంది. "ప్రార్థన చేసే దిక్కుకి వీపు పెట్టి ఎవరైనా మంచి పని మొదలెడతారట్రా?" అంటాడు. ఏ పొలమైనా అంతే. దానివల్ల నష్టమేముందిలే అని నేనూ ఊరుకున్నాను.

ఉర్గెంచ్ ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చేశాడు. నాన్న యంత్రానికి అడ్డంగా కూచున్నాడు. "అరువు తెచ్చిన గొర్రెకి దగ్గొస్తే కోసి చూస్తావా, నాయనా?" అని అడిగాడు. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. ఏడిళ్ళ వాళ్ళం కూచుని మాట్లాడుకుంటే నలుగురు వెనక్కి పంపమన్నారు, ఇద్దరు విప్పించమన్నారు. ఇంతిజోర్ వదిన ఏ వైపూ చేరలేదు. నిన్న మాత్రం కోడిగుడ్లు పోసి చేసిన బరక్ కుడుములు పళ్ళెం నిండా తెచ్చి, "వేడిగా ఉన్నప్పుడే తిను, మరిదీ" అని వెళ్ళింది. పొలం మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

కదమ్

తాష్కెంట్,
డిసెంబరు 27.

తమ్ముడికి,

ఉత్తరం అందింది.

సీలు తీయించెయ్. ఉర్గెంచ్ ఆయన్నే మళ్ళీ పిలువు. ఆయన కాకపోతే ఇంకొకరిని చూడు. లోపల చిన్న మర ఏదో సర్దితే సరిపోతుందని ఇక్కడ విన్నాను. వెనక్కి పంపే మాట మర్చిపో. ఫారం నింపి ఉంటే ఇటు పంపకు, నీ దగ్గరే ఉంచు.

ఆ తిప్పడం ఇక ఆపెయ్. చూడ్డానికి జనాన్ని పోగుచెయ్యకు. దాని గురించి ఎవరికీ చెప్పకు.

నాన్నని నేనడిగానని చెప్పు.

సనోబర్

యంగియారిక్,
జనవరి 8.

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అది నీ రాతే గానీ నీ మాట కాదు. ఎక్కడా ఒక్క వెక్కిరింత లేదు. మోకాలి గురించి లేదు. "తమ్ముడికి" అని మొదలెట్టావు. ఎవరైనా చనిపోయారని నువ్వు నాకు రాయాల్సొస్తే బహుశా అలా రాస్తావు.

నువ్వు ఆ కంపెనీ మనిషివి. సీలు ముట్టుకోవద్దని పుస్తకంలో నాలుగు చోట్ల లావు అక్షరాలతో రాసిందానివి. అలాంటిది ఇప్పుడు పగలగొట్టమంటున్నావు. యంత్రం నా ఒక్కడిది కాదు, ఏడిళ్ళది. రెండేళ్ళ గ్యారంటీ నా చేతుల్తో పోగొడితే రేపు ఎవరి ముఖం చూడను?

ఫారం నింపడానికి కూచున్నాను. అందులో నాలుగో ప్రశ్న: "పంతొమ్మిదో పేజీలోని పరీక్ష రోజూ చేశారా? ఫలితం ఏమిటి?" చేశామని రాశాను. ఫలితం దగ్గర పెన్ను ఆగిపోయింది. ఏడు సెకండ్లు అని రాయాలా? అది ఫలితం ఎలా అవుతుంది? నాన్నని అడిగితే, "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అని ఊరుకున్నాడు. నిజం నీకు కూడా తెలుసేమోనని నాకు అనుమానంగా ఉంది.

నేల గడ్డకట్టి ఉంది. మధ్యాహ్నం పూట రెండు గంటలు మెత్తబడుతుంది, అంతే. నలభై మూడు రోజులున్నాయి. దేనికి భయపడుతున్నావో చెప్పు. ఇప్పుడంటే నీకు పెళ్ళీడుకొచ్చిన కొడుకున్నాడు గానీ, చిన్నప్పుడు నువ్వు గోడ మీద నుంచి దూకి కాలు విరగ్గొట్టుకుంటే అదెలా విరిగిందో నాన్నకి చెప్పకుండా దాచింది నేనే కదా.

కదమ్

తాష్కెంట్,
జనవరి 15.

కదమ్,

నువ్వు నిజమే రాశావు. చెబుతాను, మధ్యలో నవ్వకు.

నీ డిసెంబరు ఉత్తరం చదివి నేను పగలబడి నవ్వాను. నాన్న గడియారం పట్టుకోవడం, "గుర్తుంది" అనడం. అంత బాగుందని ఆఫీసులో మా ఇంజనీరుకి చదివి వినిపించాను. ఎవరు రాశారో చెప్పలేదు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "వీళ్ళు ఆ సెకండ్లని గడియారంతో కొలుస్తున్నారా?" అన్నాడు.

ఆ సెకండ్లు కాలానివి కావట, తమ్ముడూ. గంటని ముక్కలు చేసినట్టే కోణాన్ని కూడా నిమిషాలుగా, సెకండ్లుగా ముక్కలు చేస్తారట. వెంట్రుకవాసి వంకరకి అది పేరు. నాకు తెలియదు. అసలు పుస్తకంలో ఉన్నది ఇది: దూరంగా ఒక కర్ర పాతి, యంత్రం ముఖం ఒకవైపు ఉన్నప్పుడు కాంతి ఆ కర్ర మీద ఎక్కడ పడిందో గుర్తు పెట్టు. ముఖం వెనక్కి తిప్పి మళ్ళీ గుర్తు పెట్టు. రెండు గుర్తులూ కలవాలి. వంకర పది సెకండ్లకు మించితే యంత్రం వాడకు. నేను "గుర్తు పెట్టు" అన్నదాన్ని "గుర్తుపెట్టుకో" అనుకున్నాను. మిగతాది నీకు నోటికొచ్చు.

ఆ పుస్తకాలు నలభై ఊళ్ళకు వెళ్ళాయి. నువ్వు యంత్రాన్ని వెనక్కి పంపితే ఫారం మా ఇంజనీరు చేతికే వెళుతుంది. నాలుగో ప్రశ్న చదువుతాడు, నా పేజీ తీసి చూస్తాడు. అందుకే విప్పించెయ్యమన్నాను. ఇంతిజోర్ గురించి ఆలోచించే అలా అంటున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ మొదటి పేజీలో నా పేరు గురించే ఆలోచించాను. సిగ్గుగా ఉంది.

ముందు కర్ర పాతి చూడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో నువ్వే తేల్చు. నేను చెప్పే అర్హత పోగొట్టుకున్నాను.

నాన్నకి ఇసుక కాపడం పెడుతున్నావా?

అక్క

యంగియారిక్,
జనవరి 27.

అక్కా,

నవ్వలేదు. సగం వరకే నవ్వాను.

ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. దాచాలనుకున్నాను గానీ కర్ర పాతుతుంటే వచ్చి నిలబడ్డాడు. ఖిబ్లా వైపు వంద మీటర్ల దూరంలో పాతాం. ముఖం ఖిబ్లా వైపు పెట్టి ఒక గుర్తు. వెనక్కి తిప్పేటప్పుడు నాన్న కళ్ళు మూసుకుని ఏదో గొణిగాడు. రెండో గుర్తు పైన పడింది. రెండింటికీ మధ్య పధ్నాలుగు సెంటీమీటర్లు. అందులో సగం యంత్రం వంకర. అంటే ఖిబ్లా వైపు ప్రతి వంద మీటర్లకీ ఏడు సెంటీమీటర్లు కిందికి చూస్తోంది. మన మురుగు కాలువ అటే ఉంది కాబట్టి మనకి కలిసొచ్చింది. ఇంతిజోర్ వదినది ఎదురు దిక్కున ఉంది కాబట్టి ఆవిడ మునిగింది.

స్టాండుని రోజుకొక దిక్కుకి పెట్టి ఉంటే బకెట్టు ఒక రోజు పూడ్చిన చోట ఇంకో రోజు తవ్వేది, మొదటి వారంలోనే తప్పు బయటపడేది. నాన్న వల్లే పడలేదు. అది ఆయనకీ అర్థమైంది. గట్టు మీద కూలబడి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకు భయమేసింది.

తర్వాత అన్నాడు: "మన బజార్లో యూసుప్ తక్కెడ గుర్తుందా? ఎప్పుడూ పిడికెడు తక్కువ తూచేది. అందరికీ తెలుసు, అందరూ పిడికెడు ఎక్కువ వేయించుకునేవాళ్ళు. ఒక్కరికీ నష్టం రాలేదు. ఎప్పుడూ ఒకే వైపు తప్పేదాన్ని నమ్మొచ్చురా. ఇది కూడా ఒకే వైపు తప్పుతోంది కదా?"

అక్కా, యంత్రం మీద కావాలని వాలు పెట్టుకునే మీట ఒకటుంది, నీ ఇరవై ఆరో పేజీ. ముఖం ఖిబ్లా వైపే ఉంచి, ఆ దిక్కున వందకి ఏడు సెంటీమీటర్లు పైకి పెట్టాను. దూరంగా నాలుగు దిక్కులా నాలుగు గిన్నెలు పెట్టి, వాటిని గొట్టంతో కలిపి నీళ్ళు పోసి మట్టం సరిచూశాం. నాలుగు చోట్లా కాంతి ఎత్తు నీటి మట్టంతో కలిసింది. అయితే స్టాండు ఒక్క పిసరు అటూ ఇటూ తిరిగినా లెక్క తప్పుతుంది. కానీ నాన్న కన్నా ఖిబ్లా ఎవరికి బాగా తెలుసు?

సీలు తీయడం లేదు. ఇప్పుడు పంపడమూ లేదు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఇంతిజోర్ వదిన పొలం మళ్ళీ లాగుతున్నాను. నాన్న కదలకుండా స్టాండు దగ్గర కాపలా ఉంటున్నాడు. వదిన ఆయనకి కంబళి తెచ్చి కప్పుతోంది.

నీళ్ళు పెట్టాక వెనక్కి పంపుతాం. తక్కిన ఐదు పొలాలకి సరైన యంత్రం కావాలి. నాలుగో ప్రశ్నకి జవాబు నేను రాయను. అది నువ్వు చెప్పాల్సింది.

కదమ్

తాష్కెంట్,
ఫిబ్రవరి 9.

కదమ్,

చెప్పేశాను.

నీ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గదికి వెళ్ళి పంతొమ్మిదో పేజీ ఆయన ముందు పెట్టాను. ఆయన చదివాడు, అసలు పుస్తకం తెప్పించి అదీ చదివాడు. "రైతులు ఫిర్యాదు రాసేవరకూ ఎందుకు ఆగలేదు?" అన్నాడు. ఆ రైతుల్లో మా తమ్ముడున్నాడని చెప్పాను.

నలభై ఊళ్ళకీ ఫోన్లు చేశాం. అందులో పదకొండు చోట్ల తిప్పుతున్నారు. ఫెర్గానాలో ఒకాయన ఐదు సెకండ్లలో తిప్పేస్తున్నాడట, నీకన్నా చురుకు. అదృష్టం కొద్దీ మిగతా యంత్రాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నలభై పుస్తకాలకీ అతికించడానికి సరైన పేజీ నేనే మళ్ళీ రాశాను. ఈసారి ఇంజనీరు పక్కన కూచుని ప్రతి మాటా అడిగి రాశాను.

కొత్త అచ్చులో మొదటి పేజీ మీద నా పేరు ఉండదు. అనువాదాలు ఇంకొకరికి ఇచ్చారు. నేను ప్రస్తుతానికి పార్సెళ్ళ బల్ల దగ్గర ఉన్నాను. బాధగానే ఉంది, లేదని అనను. కానీ మూడు వారాల తర్వాత నిన్న కడుపునిండా తిన్నాను.

యంత్రం వెనక్కి తీసుకుంటారు. సీలు ఉంది కాబట్టి బదులు కొత్తదే ఇస్తారు. ఆ గొర్రెని కోయనివ్వనందుకు నాన్నకి దండం పెట్టానని చెప్పు.

నీళ్ళ రోజు ఏమైందో వెంటనే రాయి. నాకు ఆ పొలం తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు.

అక్క

యంగియారిక్,
మార్చి 5.

అక్కా,

కావాలనే రెండు వారాలు ఆగాను. నీళ్ళు పెట్టిన రోజు ఎవరైనా సంతోషిస్తారు, ఆరాక చూస్తే గదా తెలిసేది.

ఇరవయ్యో తారీకు పొద్దున ఇంతిజోర్ వదిన మడికి నీళ్ళు వదిలాం. నాన్న పాత కర్ర పట్టుకుని, మోకాళ్ళ దాకా బూట్లేసుకుని దిగాడు. నేను వద్దన్నా వినలేదు. పన్నెండు చోట్ల లోతు కొలిచాడు. వదిన గట్టు మీద నిలబడి, తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. ఆయన బయటికి రాగానే, "మామా, ఎక్కడైనా పల్లం దొరికిందా?" అంది.

"దొరకలేదమ్మా. ముప్పై ఏళ్ళ కర్రకి పని లేకుండా చేశారు" అన్నాడు నాన్న.

నిన్న నేల ఆరింది. నేనూ వదినా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాం. ఎక్కడా తెల్లటి మచ్చ లేదు. మధ్యలో ఆవిడ ఆగి, వంగి మట్టి తీసి నాలుక మీద వేసుకుంది. ఉప్పు తగల్లేదంది. అప్పుడు ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఏప్రిల్లో పత్తి గింజ వేస్తుంది.

యంత్రం పెట్టె రేపటి రైల్లో వస్తుంది, సీలుతో సహా. పార్సెళ్ళ బల్ల నీదే కాబట్టి దాన్ని నువ్వే అందుకోవాలి. ఫారం లోపలే ఉంది. నాలుగో ప్రశ్నకి చివరికి నేనే జవాబు రాశాను. "పరీక్ష రోజూ చేశాం, ఏడు సెకండ్లలో. అర్థం తెలిశాక ఒక్కసారే చేశాం, అదే చాలింది." మీ ఇంజనీరుని నవ్వుకోనీ.

పెట్టెలో మూడు ఖర్బూజాలు కూడా ఉన్నాయి, చివరివి. ఒకటి ఇంతిజోర్ వదినది. నీ పేరు చెప్పి పంపింది.

నాన్న రాయమంటున్నాడు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను:

"అమ్మా సనోబర్, పుస్తకంలోంచి నీ పేరు తీసేశారని వీడు చెప్పాడు. తీసేయనీ. ముప్పై ఏళ్ళు ఈ కాలువ నీళ్ళు పంచాను, నా పేరు ఏ గట్టు మీదా రాసి లేదు. నేనూ ఆ యంత్రాన్ని ఒకే దిక్కుకి పెట్టి నీ తప్పుని నాలుగు నెలలు దాచాను, తెలియక. ఇంట్లో ఇద్దరం తప్పు చేశాం, ఇద్దరం ఒప్పుకున్నాం. ఈ ఎండాకాలం రా. మోకాలు బాగానే ఉంది."

మోకాలు బాగా లేదు. అయినా రా.

కదమ్